పేజీ ఎప్పుడు తయారు కావాలి?

గోదావరికి వరద వచ్చిందంటే కోనసీమ లంకల్లో అందరూ అడిగేది ఒక్కటే: ధవళేశ్వరం దగ్గర ఇప్పుడు ఎంత ఉంది? బ్యారేజీ వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు లంకల్లో చిన్నపిల్లలకు కూడా కంఠతా వచ్చు. ఇప్పుడు ఆ నీటిమట్టాన్ని ఒక వెబ్ పేజీలో పెట్టాలనుకుందాం. పేజీలో శీర్షిక, పట్టిక గీతలు, కంట్రోల్ రూమ్ నంబర్లు సీజనంతా మారవు. మారేది ఒకటి రెండు అంకెలు, వాటి పక్కన సమయం. డైనమిక్ వెబ్ పేజీ అనే ఏర్పాటంతా ఆ కాస్త మార్పు కోసమే.

ఈ పని చేత్తో చేయడం అసాధ్యమేమీ కాదు. హెచ్‌టీఎంఎల్ (వెబ్ పేజీని ట్యాగులనే గుర్తులతో రాసే భాష) ఫైలు తెరిచి, పాత అంకె తీసి కొత్తది కొట్టి, మళ్లీ సర్వర్‌లోకి, అంటే అడిగినవాళ్లకు పేజీలు పంపే కంప్యూటర్‌లోకి, ఎక్కిస్తే చాలు. వెబ్ మొదలైన కొత్తలో చాలా పేజీలు ఇలాగే నడిచాయి. అర్ధరాత్రి కూడా గంటగంటకూ ఆ పని చేసే మనిషి ఉన్నంతవరకు ఇబ్బంది లేదు. ఆ మనిషికి కునుకు పట్టినా, హడావుడిలో 13.2 బదులు 12.3 కొట్టినా, అంకెతో పాటు పట్టిక ట్యాగు ఒకటి చెరిగిపోయినా పేజీ పాడవుతుంది. వరద రోజున పేజీ పాడైతే అది చిన్న విషయం కాదు.

స్క్రిప్టుతో నడిచే ఏర్పాటులో సర్వర్ దగ్గర తయారైన పేజీ ఉండదు. పేజీని ఎలా కట్టాలో చెప్పే ప్రోగ్రాం, అంటే స్క్రిప్టు, ఉంటుంది. ఫోన్‌లోని బ్రౌజర్ ఫలానా పేజీ కావాలని అడగ్గానే వెబ్ సర్వర్ ఆ ప్రోగ్రాంను నడిపిస్తుంది. ప్రోగ్రాం సమాచారాన్ని పట్టికలుగా దాచి ఉంచే డేటాబేస్‌ను తెరిచి, ధవళేశ్వరం స్టేషన్ పేరు మీద చివరగా నమోదైన వరుసను అడుగుతుంది. వచ్చిన నీటిమట్టాన్ని, ప్రవాహాన్ని, సమయాన్ని ముందే రాసి ఉంచిన హెచ్‌టీఎంఎల్ చట్రంలో వాటి వాటి చోట్ల పెట్టి పంపేస్తుంది. బ్రౌజర్‌కు ఇదంతా తెలియదు. దానికి చేరింది మామూలు హెచ్‌టీఎంఎలే. డిస్కు మీది ఫైలు నుంచి వచ్చిందా, అప్పటికప్పుడు తయారైందా అన్నది దానికి అనవసరం. రీడింగ్ నమోదు చేసే మనిషి ఒక ఫారంలో అంకె కొడితే చాలు, ట్యాగుల జోలికి పోనక్కర్లేదు.

ఈ పద్ధతికి తొలి ఒప్పందం 1993లో అమెరికాలోని ఎన్‌సీఎస్‌ఏ అనే పరిశోధన కేంద్రం వెబ్ సర్వర్‌తో వచ్చిన సీజీఐ (కామన్ గేట్‌వే ఇంటర్‌ఫేస్). చాలా సాదాసీదా ఏర్పాటది. సర్వర్ తనకు వచ్చిన అభ్యర్థన వివరాలను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్‌లో (ప్రోగ్రాం మొదలయ్యేటప్పుడే దానికి అందే పేరున్న విలువల్లో) పెట్టి ఒక ప్రోగ్రాంను మొదలుపెడుతుంది. ఆ ప్రోగ్రాం ముందు హెడర్లు (పేజీ గురించి బ్రౌజర్‌కు చెప్పే సూచనలు), తర్వాత ఒక ఖాళీ లైను, ఆ తర్వాత హెచ్‌టీఎంఎల్ అచ్చేస్తే సర్వర్ దాన్ని అలాగే బ్రౌజర్‌కు పంపుతుంది. ప్రోగ్రాం ఏ భాషలో ఉన్నా ఫర్వాలేదు. ఆ రోజుల్లో ఎక్కువమంది వాడింది పెర్ల్. చిక్కల్లా ఒకచోటే. వచ్చిన ప్రతి అభ్యర్థనకూ ఒక కొత్త ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం) పుట్టాలి, కోడ్‌ను చదివి నడిపించే పెర్ల్ ఇంటర్‌ప్రెటర్ మొదటి నుంచి లోడ్ కావాలి, పని అయ్యాక అంతా చచ్చిపోవాలి. పది మంది చూసే పేజీకి ఇది చాలు. వెయ్యి మంది ఒక్కసారి వస్తే పేజీ కట్టడం కంటే కట్టే పనివాణ్ణి నిద్రలేపడానికే సర్వర్ శక్తి ఎక్కువగా ఖర్చవుతుంది.

రాస్మస్ లెర్డార్ఫ్ అనే ప్రోగ్రామర్ తన ఆన్‌లైన్ బయోడేటాను ఎవరెవరు చూస్తున్నారో తెలుసుకోవడానికి 1994లో కొన్ని చిన్న సీజీఐ ప్రోగ్రాంలు సీ భాషలో రాసుకున్నాడు. 1995 జూన్‌లో వాటిని అందరికీ ఇచ్చేశాడు. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాషకు అదే మొదలు. తర్వాత ఆండీ గట్‌మన్స్, జీవ్ సురాస్కీ దాని లోపలి యంత్రాన్ని తిరగరాశారు. 1998లో పీహెచ్‌పీ 3, 2000లో పీహెచ్‌పీ 4 వచ్చాయి. ఈ భాష అంతగా పాకిపోవడానికి భాషా సౌందర్యం కారణం కాదు. ఫంక్షన్ల పేర్లలో పద్ధతీ పాడూ లేదని దాన్ని వెక్కిరించని ప్రోగ్రామర్ ఉండడు. కారణాలు రెండు. ఒకటి, ప్రోగ్రాంలో హెచ్‌టీఎంఎల్‌ను అచ్చేయడం కాకుండా, మామూలు హెచ్‌టీఎంఎల్ పేజీ మధ్యలోనే మారవలసిన చోట నాలుగు లైన్ల కోడ్ పెట్టుకోవచ్చు. అంతకుముందు పేజీ చేసినవాడికి అది పరిచయమైన వస్తువులాగే కనిపిస్తుంది. రెండోది, అపాచీ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రాంలోనే ఒక భాగంగా (మాడ్యూల్‌గా) కూర్చుంటుంది కాబట్టి ఇంటర్‌ప్రెటర్‌ను ప్రతిసారీ కొత్తగా లేపనక్కర్లేదు. లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్, అపాచీ, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, పీహెచ్‌పీ నాలుగూ లైసెన్సు డబ్బు లేకుండా దొరికాయి. నెలకు కొద్దిపాటి అద్దె కడితే, సర్వర్‌లో చోటిచ్చే హోస్టింగ్ వాళ్లు నాలుగింటినీ కలిపి ఇచ్చారు. భీమవరంలోనో అమలాపురంలోనో ఒక కంప్యూటర్ సెంటర్ కుర్రాడు ఊళ్లోని నర్సరీకి, కల్యాణ మండపానికి సైటు చేసి పెట్టగలిగాడంటే ఈ అద్దె లెక్క వల్లే.

పీహెచ్‌పీకి ఉన్న ఇంకో గుణం తక్కువగా చర్చకు వస్తుంది. పేజీ పంపేయగానే స్క్రిప్టు మెమరీలో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాతి అభ్యర్థన కొత్త లోకంలో మొదలవుతుంది. ఒక స్క్రిప్టు ఎక్కడో తప్పు చేసి మెమరీ మింగేసినా ఆ తప్పు ఆ పేజీతోనే పోతుంది, సర్వర్ మొత్తం కూలదు. దీనికి చెల్లించే మూల్యం మరుపు. లాగిన్ అయిన మనిషిని రెండో పేజీలో గుర్తుపట్టాలంటే అతని బ్రౌజర్‌కు ఒక కుకీ (బ్రౌజర్ దాచుకుని ప్రతిసారీ తిరిగి పంపే చిన్న గుర్తు) ఇచ్చి, ఆ కుకీ నంబరు మీద వివరాలను బయట ఫైలులోనో డేటాబేస్‌లోనో దాచుకోవాలి. జావాస్క్రిప్టును సర్వర్‌లో నడిపించే, 2009లో వచ్చిన నోడ్ జేఎస్ దీనికి అటు కొస. అక్కడ ఒకే ప్రాసెస్ రోజుల తరబడి బతికి ఉండి అందరికీ జవాబు చెబుతుంది. జ్ఞాపకం బాగుంటుంది కానీ, ఒకచోట పట్టించుకోకుండా వదిలేసిన పొరపాటు అందరినీ ఒకేసారి ముంచుతుంది.

డేటా రోజూ మారే పేజీకి రొయ్యల ధరల పట్టికను మించిన ఉదాహరణ డెల్టాలో దొరకదు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటు. 30 కౌంటు అంటే పెద్ద రొయ్య, ధర ఎక్కువ. 100 కౌంటు అంటే చిన్నది, ధర తక్కువ. డేటాబేస్‌లో తేదీ, కౌంటు, ధర అనే మూడు గళ్ల పట్టిక ఉంటే చాలు. స్క్రిప్టు ఈ రోజు తేదీకి సరిపోయే వరుసలన్నీ కౌంటు క్రమంలో అడుగుతుంది, ఒక లూప్ పెట్టి వరుసకొక పట్టిక గీత చొప్పున రాసుకుంటూ పోతుంది. కౌంట్లు ఎనిమిదైనా పన్నెండైనా కోడ్ మారదు. నిన్నటి ధర కూడా పక్కన చూపాలంటే డేటాబేస్‌ను అడిగే ప్రశ్న కాస్త మారుతుంది. అంబాజీపేట కొబ్బరి మార్కెట్‌కూ చట్రం ఇదే. అక్కడ కిలో బదులు వెయ్యి కాయల లెక్క, కౌంటు బదులు కాయ రకం.

వరద పేజీ దగ్గర మాత్రం చిన్న కోడ్‌లోనే ఉచ్చు ఉంది. నీటిమట్టాన్ని బట్టి హెచ్చరిక పేరు రాయడానికి మూడు షరతులు పెడతారు. 11.75 దాటిందా అన్నది ముందు అడిగితే, 18 అడుగులున్న రోజున కూడా జవాబు అక్కడే అవును అని వచ్చేస్తుంది, పేజీ మీద మొదటి హెచ్చరిక అనే కనిపిస్తుంది. షరతులు పెద్ద అంకె నుంచి కిందికి రావాలి. ఇది చదువుకునే పిల్లలు కూడా పట్టుకునే తప్పు. అంతకంటే లోతైనది ఇంకొకటి ఉంది. హెచ్చరిక అనేది అంకె మాత్రమే కాదు, అధికారులు చేసే ప్రకటన. ఎప్పుడు జారీ చేయాలో, ఎప్పుడు ఉపసంహరించాలో వాళ్లు నిర్ణయిస్తారు. మట్టం 13.74కి తగ్గిన క్షణాన స్క్రిప్టు తనంతట తాను రెండో హెచ్చరికను తీసేస్తే, ఏటిగట్టు లోపలి లంకలో మూటలు సర్దుకుని కూర్చున్న కుటుంబానికి అది తప్పుడు కబురు. కాబట్టి హెచ్చరికకు డేటాబేస్‌లో వేరే గడి ఉండాలి, దాన్ని మనిషే నింపాలి. లెక్కకట్టగలిగిన ప్రతిదాన్నీ స్క్రిప్టు చేత లెక్కకట్టించాలనే ఉబలాటం ఈ పనిలో పాత జబ్బు.

అసలు పరీక్ష జనం మీదపడినప్పుడు వస్తుంది. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం నుంచి 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయింది. అప్పుడు కబురు రేడియోలో, దండోరాలో వచ్చింది. 2022 జూలైలో దాదాపు 26 లక్షల క్యూసెక్కులు వచ్చేసరికి చేతిలో ఫోన్ లేని ఇల్లు అరుదు. భద్రాచలంలో 43 అడుగుల మొదటి హెచ్చరిక దాటిందన్న వార్త వినగానే కింద డెల్టాలో అందరూ ఒకేసారి అదే పేజీ తెరుస్తారు. ఒక పేజీ కట్టడానికి 200 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, సర్వర్‌లో పేజీలు కట్టే ప్రాసెస్ ఒకటి (దాన్ని వర్కర్ అంటారు) సెకనుకు ఐదు పేజీలు ఇవ్వగలదు. అలాంటి వర్కర్లు 20 ఉంటే సెకనుకు 100. ఆ సెకనులో 1000 అభ్యర్థనలు వస్తే 900 క్యూలో నిలబడతాయి, మరుసటి సెకనుకు ఇంకో 900 చేరతాయి. పేజీ రాకపోయేసరికి జనం రిఫ్రెష్ కొడతారు, క్యూ ఇంకా పెరుగుతుంది. కాసేపటికి అందరికీ గేట్‌వే టైమ్ అవుట్, అంటే జవాబు సమయానికి రాలేదు, అనే తెల్ల పేజీ మిగులుతుంది.

ఇందులో వింత ఏమిటంటే, ఆ వెయ్యి మందికీ కావలసింది అక్షరం తేడా లేని ఒకే పేజీ. గంటకోసారి మారే అంకెను సెకనుకు వెయ్యిసార్లు డేటాబేస్‌ను అడిగి తెలుసుకోవడం శుద్ధ దండగ. పెసరట్టు ఆర్డరిచ్చాక పెనం మీద వేయాలి. ఆత్రేయపురం పూతరేకులు ముందే చుట్టి డబ్బాల్లో పెట్టి ఉంచినా రుచి చెడదు. ఏ పేజీ ఏ రకమో తేల్చుకోకుండా అన్నిటినీ అడిగినప్పుడే కట్టడం వల్లే సైట్లు కూలుతున్నాయి తప్ప, పీహెచ్‌పీ నెమ్మదిగా ఉండడం వల్లో పైథాన్ వేగంగా లేకపోవడం వల్లో కాదు. ఏ భాష గొప్పదన్న వాదనకు దొరికే సమయంలో పదో వంతు కూడా ఈ ప్రశ్నకు దొరకడం లేదు.

కట్టిన పేజీని కాసేపు దాచి అదే అందరికీ ఇవ్వడాన్ని క్యాషింగ్ అంటారు. 30 సెకన్ల పాటు దాచితే నిమిషానికి పేజీ రెండుసార్లే తయారవుతుంది, చూసేవాళ్లు పది మందైనా పదివేల మందైనా. ఇందులోనూ ఒక మెలిక ఉంది. దాచిన కాపీకి గడువు తీరిన ఆ క్షణాన వందలాది అభ్యర్థనలు వచ్చాయంటే, ప్రతిదీ కాపీ లేదు కదా అని తనే కట్టడానికి పూనుకుంటుంది. డేటాబేస్ మళ్లీ కుదేలవుతుంది. ఒక్కరే కడుతుంటే మిగతావాళ్లు పాత కాపీతో సర్దుకునేలా తాళం పెట్టడం దీనికి మందు. ఇంతకంటే మేలైన దారి వరద పేజీ లాంటివాటికి ఉంది. చదివేవాడు అడిగినప్పుడు కాకుండా, రాసేవాడు కొత్త రీడింగ్ నమోదు చేసిన క్షణాన స్క్రిప్టు నడవాలి. అది పూర్తి హెచ్‌టీఎంఎల్ ఫైలును కట్టి డిస్కు మీద పెట్టేస్తే, ఆ తర్వాత ఎంతమంది వచ్చినా సర్వర్ ఫైలు ఇచ్చి ఊరుకుంటుంది, స్క్రిప్టు జోలికే పోదు. పని పాఠకుల సంఖ్యను బట్టి కాకుండా మార్పుల సంఖ్యను బట్టి జరుగుతుంది. అయితే ఫైలును నేరుగా దిద్దకూడదు. సగం రాసిన పేజీ ఎవరికైనా చేరిపోవచ్చు. వేరే పేరుతో పూర్తిగా రాసి, చివర్లో పేరు మార్చాలి. లినక్స్‌లో ఒకే డిస్కు విభాగం లోపల పేరు మార్పు ఒక్క దెబ్బలో జరుగుతుంది, చదివేవాళ్లకు పాతదో కొత్తదో పూర్తి పేజీయే దొరుకుతుంది.

మనిషికో రకంగా ఉండే పేజీలను మాత్రం ఇలా చేయలేం. రొయ్యల మేత దుకాణం సైటులో ఒక రైతు లాగిన్ అయి తన ఖాతా చూసుకుంటాడు. బాకీ ఎంత, పోయిన నెల ఎన్ని బస్తాలు తీసుకున్నాడు అన్నది అతని పేజీ. దాన్ని అందరికీ ఇచ్చే క్యాషేలో పొరపాటున దాచితే, తర్వాత వచ్చిన రైతుకు పక్క చెరువు వాడి అప్పుల చిట్టా కనిపిస్తుంది. ఊళ్లో గొడవలకు ఇంతకంటే ఏం కావాలి? ఇలాంటి పేజీలకు హెడర్లలో దాచవద్దని స్పష్టంగా చెప్పాలి. డైనమిక్ పేజీలు నిజంగా అవసరమైన చోటు ఇదే.

తెలుగు పేజీలకు ఇంకో బెడద ఉంది. పీహెచ్‌పీ స్ట్రింగ్ (ప్రోగ్రాంలో మాటలను దాచే రూపం) అంటే అక్షరాల వరుస కాదు, బైట్ల వరుస. ప్రపంచ భాషల అక్షరాలకూ గుర్తులకూ యూనికోడ్ పద్ధతి ఒక్కో నంబరు ఇస్తుంది, ఆ నంబరే కోడ్ పాయింట్. దాన్ని బైట్లుగా రాసే యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్ పాయింట్ మూడు బైట్లు. గోదావరి అనే మాటలో చదివేవాడికి నాలుగు అక్షరాలు కనిపిస్తాయి. యూనికోడ్ లెక్కలో గుణింతపు గుర్తులతో కలిపి ఏడు. పొడవు చెప్పే మామూలు స్ట్ర్‌లెన్ ఫంక్షన్‌ను అడిగితే 21 అంటుంది. మూడూ నిజమే, దేనికి ఏది వాడాలో తెలియాలి. జాబితాలో వార్తల శీర్షికలను 100 దగ్గర కత్తిరించమని బైట్ల లెక్కన చెబితే కత్తి ఒక అక్షరం నడుమ పడుతుంది, చివర నల్ల డైమండులో ప్రశ్నార్థకం తేలుతుంది. కోడ్ పాయింట్ల లెక్కన కోస్తే ఆ గుర్తు రాదు కానీ, భద్రాచలం మూడు కోడ్ పాయింట్ల దగ్గర తెగి భద్ అని మిగులుతుంది. రాజోలు రాజ అయిపోతుంది. అందుకే కోత మాటల మధ్య ఖాళీ దగ్గర వేయాలి, లేదా చదివే అక్షరాలను లెక్కించే గ్రాఫీమ్ ఫంక్షన్లు వాడాలి. భాషలోనే యూనికోడ్‌ను కూర్చాలని పీహెచ్‌పీ 6 పేరుతో ఒక ప్రయత్నం జరిగింది. అది 2010లో ఆగిపోయింది. ఆ నంబరే వదిలేసి 2015లో నేరుగా పీహెచ్‌పీ 7కు వెళ్లారు.

డేటాబేస్ దగ్గర ఇదే కథ మరో రూపంలో వస్తుంది. మైఎస్‌క్యూఎల్ 2018లో 8.0 వచ్చేదాకా, ఏమీ చెప్పకపోతే లాటిన్1 అనే పశ్చిమ యూరప్ అక్షరాల పద్ధతినే తీసుకునేది. అలాంటి పట్టికలో పాలకొల్లు అని రాసి తిరిగి అడిగితే ప్రశ్నార్థకాల వరుస రావచ్చు. అలా ఒకసారి ప్రశ్నార్థకాలుగా నిలిచిపోయినదాన్ని వెనక్కి తేలేం. అందులోని యూటీఎఫ్8 అనే ఎంపిక కూడా పూర్తి యూటీఎఫ్-8 కాదు. మూడు బైట్ల వరకే పట్టేది. తెలుగుకు సరిపోయింది కాబట్టి చాలాకాలం ఎవరికీ అనుమానం రాలేదు. కడియం నర్సరీకి మొక్కలు ఆర్డరిచ్చేవాడు నోట్ మధ్యలో నాలుగు బైట్ల దండం ఎమోజీ పెట్టి, దాని తర్వాత డెలివరీ అడ్రసు రాస్తే బయటపడుతుంది. పాత సెట్టింగుల్లో ఎమోజీ నుంచి చివరిదాకా ఉన్నదంతా చడీచప్పుడు లేకుండా ఎగిరిపోతుంది. మొక్కలు లారీ ఎక్కే వేళకు అడ్రసు ఉండదు. దీనికి యూటీఎఫ్8ఎంబీ4 అనే పేరున్న ఎంపికే వాడాలి.

బయటి నుంచి వచ్చేదాన్ని నమ్మడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన బలహీనత. ధరల పేజీలో కౌంటు ఎంచుకుంటే అడ్రసు చివర 40 అని చేరుతుంది, స్క్రిప్టు దాన్ని తీసుకుని డేటాబేస్ ప్రశ్నలో అతికిస్తుంది. ఎవరైనా అక్కడ ‘40 లేదా 1=1’ అనే అర్థం వచ్చేలా రాసి పంపితే ఆ షరతు ఎప్పుడూ నిజమే కాబట్టి అన్ని వరుసలూ బయటికి వస్తాయి. ధరల పట్టిక అయితే నష్టం లేదు. లాగిన్ పట్టిక అయితే కొంప మునిగినట్టే. ఈ దారి గురించి 1998లోనే బహిరంగంగా రాశారు, మందు కూడా పాతదే. ప్రశ్నను ముందుగా ఖాళీలతో డేటాబేస్‌కు ఇచ్చి, విలువలను విడిగా పంపాలి. అప్పుడు వచ్చినది ఎంత వంకరగా ఉన్నా విలువగానే ఉంటుంది, ఆదేశంగా మారదు. అలాగే జనం టైపు చేసిన మాటలను పేజీలో చూపేటప్పుడు ట్యాగు గుర్తులను నిర్వీర్యం చేయాలి. లేకపోతే పేరు గడిలో రాసిన స్క్రిప్టు చూసేవాళ్ల బ్రౌజర్లో నడుస్తుంది. ఇరవై ఏళ్లకు పైగా తెలిసిన ఈ రెండు తప్పులూ కొత్త సైట్లలో ఇంకా కనిపిస్తున్నాయంటే, పాత ట్యుటోరియల్ నుంచి కాపీ కొట్టడం ఎంత తేలికో అర్థమవుతుంది.

ఈ మధ్య పేజీని సర్వర్‌లో కట్టకుండా ఖాళీ చట్రాన్ని పంపి, డేటాను ఫోన్‌లోని జావాస్క్రిప్టు చేత తెప్పించడం మామూలైంది. బ్యాంకు యాప్ లాంటి సైటుకు అది నప్పుతుంది. వరద పేజీకి నప్పదు. కరెంటు పోయి, సెల్ టవర్ బ్యాటరీ మీద నడుస్తూ, సిగ్నల్ ఒక గీత ఉన్నప్పుడు లంకలో ఫోన్‌కు ముందు లక్షల బైట్ల కోడ్ దిగాలి, ఆ తర్వాతే అంకె కోసం రెండో అభ్యర్థన పోవాలి. అదే అంకె హెచ్‌టీఎంఎల్‌లోనే ఉంటే రెండు మూడు వేల బైట్లతో పని అయిపోతుంది.

పట్టించుకోనిది ఇంకొకటి ఉంది: సమయం. సర్వర్ ఎక్కడుందో ఎవరికీ తెలియదు, దాని గడియారం తరచుగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటుంది. పీహెచ్‌పీ కూడా టైమ్ జోన్ చెప్పకపోతే యూటీసీనే తీసుకుంటుంది. మన సమయం దానికి ఐదున్నర గంటలు ముందు. అంటే మన అర్ధరాత్రి నుంచి ఉదయం ఐదున్నర దాకా స్క్రిప్టు దృష్టిలో ఈ రోజు అంటే నిన్నే. నాలుగింటికి చెరువు గట్టు మీద పట్టుబడి మొదలై, కొనుగోలుదారు తూకానికి కూర్చుంటే, రైతు ఫోన్ తెరిచి నేటి ధర అన్న శీర్షిక కింద నిన్నటి ధర చూపిస్తాడు. టైమ్ జోన్‌ను ఆసియా కోల్‌కతా అని పెట్టడానికి ఒక లైను చాలు. దాంతో పాటు నేటి అన్న మాట తీసేసి, ఆ ధర ఏ తేదీన ఎన్ని గంటలకు నమోదైందో డేటాబేస్ నుంచే తెచ్చి రాయడం ఇంకా మంచిది. దాచిన కాపీ చూపించినా, కొత్తది కట్టి చూపించినా ఆ సమయం మాత్రం తప్పు కాదు.